నో డ్యూస్

ఆఫీసు గుమాస్తా రిజిస్టర్లో
తిరుసీత అని రాసేసినాడు.
తిర్సిత్, తిర్సిత్ అని
ఆ బిడ్డ మూడుసార్లు చెప్పింది.
'తిరుపతిలో ఇదే బాగుంటాదిలేమ్మా' అన్నాడు.
అట్లా మా జియాలజీ డిపార్ట్‌మెంటుకు
అడిస్ అబాబా నుంచి
ఒకే ఒక్క సెమిస్టరు చదవను
ఒక సీతమ్మ వచ్చింది.

నేను రాళ్లు కోసేవాణ్ని.
ముప్పై ఒక్క ఏండ్లుగా
రాతిని అరగదీసి అరగదీసి
వెలుతురు దూరేంత పలచన చేసి
గాజుపలకకు అతికించేది నా పని.
పిహెచ్‌డీలు వాళ్లవి.
గోళ్ల సందుల్లో పొడి నాది.

మొదటి దినమే నన్ను 'గాష్' అనింది.
గ్యాసు అయిపోయిందేమో అనుకొని
బర్నరు కాడికి పోయి చూసొచ్చినా.
వాళ్ల పక్క పెద్దోణ్ని అట్లంటారంట.
ఇంట్లో చెప్తే మా ఇంటామె
'ముప్పై ఏండ్లకి నిన్నొకరు పెద్దోడన్నారు' అని
గరిటె పట్టుకోనే నవ్వింది.

పోలీసాఫీసుకు తోడు పోయినా.
వీసా, ఫోటోలు, హాస్టలు చీటీ, మళ్లా ఫోటోలు.
మధ్యాన్నందాకా బెంచీ మీద కూర్చోని
వాళ్ల అక్షరాలు రాసి చూపించింది.
ఒకదానికి కాలు, ఒకదానికి చెయ్యి తగిలిస్తే
గుణింతం మారిపోతాది, మన మాదిరే.
నా పేరు రాయమన్నా.
మొగిలి, మూడే అక్షరాలు.
ఆ కాయితం ఇప్పుటికీ
బస్ పాసు వెనకాల పెట్టుకోనుండా.

హాస్టల్ మెస్సులో సాంబారన్నం
నలభై దినాలు మారు మాట్లాడకుండా తినింది.
ఆ పై దినం నేను క్యారియర్ మూత తీస్తే
రాగిసంగటి చూసి నిలబడిపోయింది.
ముద్ద నడుమ వేలు పెట్టి గుంట చేసి
ఇట్లనే, నెయ్యి ఇట్లనే పోస్తాం అనింది.
పేరు దగూసా అంట.
ఈ గింజ పుట్టిందే మా కొండల్లో అనింది.
నేను ఒప్పుకోలా.
కుప్పం కాడ మా అవ్వ మెట్టచేని రాగి
సముద్రం ఆ పక్కదెట్లయితాది?
సారును అడిగితే
'నిజమే మొగిలీ,
వేల ఏండ్ల కిందట ఎవరో మూటగట్టుకొని వచ్చుంటారు' అన్నాడు.
ఆ రాత్రి సంగటి గెలుకుతా మా ఇంటామె అడిగింది,
'మరి దానికీ పోలీసాఫీసులో చీటీ రాయించినారా?'

మార్చి ఎండలో ఘాట్ రోడ్డుకు పోయినాం.
పర్మిషన్ కాయితం తిప్పి తిప్పి చూసి
గార్డు పది నిమిషాలన్నాడు,
సుత్తి సంచిలోంచి తియ్యొద్దన్నాడు.
గోవిందా అని బస్సులు పైకి పోతాండాయి.
ఆ మలుపులో కింద గ్రానైటు, పైన క్వార్ట్జైటు.
రెండిటి నడుమ ఎనభై కోట్ల ఏండ్లు
ఏమైపోయినాయో రాతిలో జాడ లేదు.
గీత మాత్రం ఉండాది, గోటితో గీసినంత.
ఆ రాతి ముక్కలు ఎన్నో కోసినా గాని
ఆడికి పోయి నిలబడి చూడలా నేను.
ఎప్పుడు పోయినా గుండు కొట్టించుకునే యావే.
తిర్సిత్ ఒక చెయ్యి కిందరాతి మీద,
ఒక చెయ్యి పైరాతి మీద పెట్టి
వాళ్ల బాసలో ఏందో అనింది.
ఏందని నేను అడగలా.
గార్డు విజిలేసినాడు.

పొయ్యే వారం
లైబ్రరీ సంతకం అయింది, హాస్టలు సంతకం అయింది.
కడాకు నో డ్యూస్ కాయితం నా కాడికొచ్చింది.
లెన్సు ఒకటి, ముట్టింది.
దిక్సూచి ఒకటి, ముట్టింది.
సుత్తి రాలేదమ్మా అన్నా.
ఇచ్చినాను గాష్, అనింది.
లెక్కలో లేదు, రేపు చూస్తాం అన్నా.
రేపూ అదే మాట అన్నా.
మూడోదినం వచ్చింది, కాయితం మాటెత్తలా.
క్యారియర్ ముందర కూర్చోని
సంగటి తిని, చెయ్యి కడుక్కోని,
నా బీరువా పక్క చూసి నవ్వింది.
కింద అరలో, పాత గుడ్డల సందులోంచి
సుత్తి పిడి
కనపడతానే ఉండాది.