చివర దిగేది ముందు

తెల్లారుజామున నాలుగింటికి రావులపాలెంలో
వెనకడోరు దించి నిలబడతాను.
బండి ఖాళీగా ఉన్నప్పుడే లెక్క కనబడుద్ది.
చివర దిగేది ముందు ఎక్కాలి.

అంచేత మొదట ఫ్రిజ్జు,
సఖినేటిపల్లి రేవు పక్కన టీకొట్టుది.
క్యాబిన్ గోడకి వీపు ఆనించి నిలబెట్టాలి,
పడుకోబెడితే పాడైపోద్దని షాపోడు పదిసార్లు చెప్పాడు.
మధ్యలో గోనెపట్టా, మూలలకి మా పిల్లాడి పాత దుప్పటి.
దాని కాళ్ల దగ్గర మలికిపురం తవుడు బస్తాలు,
అటు రెండు, ఇటు రెండు, బరువు ఇరుసు దాటకుండా.
తర్వాత రాజోలు హాస్టలు గుడ్లు, ఇరవై అట్టలు,
వాటి నెత్తిమీద ఆకాశం తప్ప ఇంకేదీ పెట్టకూడదు.
చివర్న గన్నవరం పెళ్లింటికి పన్నెండు గెలలు,
ఎండుటాకుల పక్కమీద, ఒకదాని పొట్ట ఇంకోదానికి ఒరుసుకోకుండా.

డోరు ఎత్తబోతుంటే
"ఏవండీ, ఇదొక్కటీ పడేద్దురూ" అంటా సువార్తమ్మగారు.
ఆ ఒక్కటీ ఏటంటే
కాళ్లున్న కుట్టుమిషను, జాకెట్టు ముక్కల మూట,
కడియం నించి తెచ్చుకున్న రెండు క్రోటన్ కుండీలు.
ఎక్కడికండీ అంటే మలికిపురం.
చివర వచ్చింది, చివరిదాకా పోద్ది!
నా లెక్కలో లేని లెక్క.
గెలలన్నీ దించాను, గుడ్లు దించాను,
ఆవిడ టార్చిలైటు పట్టుకుని
"మెల్లిగా నాయనా" అంటుంది, గుడ్లని కాదు, మిషన్ని.

ఇక తాడు.
పీచుతాడు కొరుకుద్ది, నైలాను జారుద్ది,
రెంటికీ మధ్య పాత ట్యూబు ముక్క ఉండాలి.
ముడి వెయ్యడం నేర్పింది పంటు మీద సరంగు బుల్లియ్య తాత.
"చీకట్లో, తడిచేత్తో విప్పగలిగితేనే ముడిరా,
లేపోతే అది వట్టి కసి" అనేవోడు.
నా కసిముళ్లు ఆయన కత్తితో ఎన్ని కోశాడో.

నిరుడు పన్నెండు సిమెంటు బస్తాలు మోకుతో బిగించి
పైన ఆరు ప్లాస్టిక్ కుర్చీలు ఊరికే పెట్టాను.
వీటికేం తాడులే అనుకున్నాను.
గన్నవరం దగ్గర వైనతేయ మీద గాలి
ఒక్కో కుర్చీనీ కొంగని లేపినట్టు లేపింది.
అయిదు రోడ్డు మీద దొరికాయి. ఒకటి ఏట్లో కూచుంది.
సిమెంటు మాత్రం అంగుళం కదిలితే ఒట్టు.
అప్పట్నించీ తేలికవాటిని ముందు కడతన్నాను.

కొత్తపేట రాకుండానే ఓసారి ఆపాను.
ఆపాలి.
అప్పటికి సామానంతా ఒకదాన్నొకటి ఎరిగి
కాస్త సర్దుకుని కూచుంటది.
అవి సర్దుకున్న మేర తాడు వదులైపోద్ది.
మళ్లీ లాగి కట్టాను.
సువార్తమ్మగారు క్యాబిన్లోంచి "ఏటైంది?" అంది.
"ఏటీ కాలేదండి, కాకుండా."

గన్నవరంలో గెలలు దిగాయి. రాజోల్లో గుడ్లు.
వార్డెను ఆరువందలూ లెక్కపెట్టి
చితికిన ఒక్కదాన్ని నా అరచేతిలో పెట్టాడు.
మలికిపురంలో బస్తాలు, కుండీలు, మిషను.
ఆవిడ అక్కడే రోడ్డు మీద చక్రం ఓసారి తిప్పి చూసుకుంది.

మిగిలింది ఫ్రిజ్జు.
పొద్దుటేల అన్నిటి మధ్యా ఇరుక్కుని
దానికి ఒక్క తాడు సరిపోయింది.
ఇప్పుడు ఒంటరిది, ఒరగడానికి ఎవరూ లేరు.
నాలుగు మూలలకీ నాలుగు తాళ్లు కట్టాను.
రేవు దాకా అద్దంలో దాన్నే చూస్తా, ఇరవై స్పీడులో.

దింపేశాక డబ్బా ఊడ్చాను.
తవుడు, ఎండుటాకు, కుండీ మట్టి,
ఎవరిదో ఎర్రదారపు ఉండ.
ఉండ జేబులో వేసుకున్నాను, మళ్లీ అటే కదా పోయేది.
తాడు చుట్టచుట్టి సీటు వెనక పడేశాను.
ఇంకా వెచ్చగానే ఉంది.