బార

ఏప్రిల్ చివరి గురువారం
తోర్కెల్ లారీ వెనక్కి వెనక్కి వచ్చి
తొట్టె పైకెత్తి
ఒక కొండని కక్కి పోయింది,
మా ఇంటికీ ఒడ్వార్ ఇంటికీ మధ్య,
సరిగ్గా గట్టు మీద.

పదకొండేళ్ళుగా మాకు మాటల్లేవు.
కారణం: అతని మంచు తోసే బండి, మా లైలాక్ పొద.
కలిపి కొంటే బండి కిరాయి ఒక్కటే పడుతుందని
తోర్కెలే చెప్పాడు, నాకు విడిగా, అతనికి విడిగా.
ఎనిమిది బారలని చీటీ రాశాడు.

మా రెండాలెన్‌లో కట్టెని తూచరు.
చేతులు రెండూ చాపితే
ఈ కొసవేలి నుంచి ఆ కొసవేలికి ఒక బార.
మా భాషలో బారకీ కౌగిలికీ
ఒక్కటే మాట.
నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను గానీ
ఈ సంగతి దగ్గర ఎప్పుడూ
పేజీ తిప్పేసేదాన్ని.

పోసిన కుప్ప అబద్ధాలకోరు.
అయిదు పాళ్ళలో రెండు పాళ్ళు గాలే.
చుట్టూ నడిచాను: ముప్పై అయిదు అడుగులు.
ఎత్తు నా తలకి మూరన్నర పైన.
శంఖువు సూత్రం నల్లబల్ల దిగి వచ్చి
బురదలో నా పక్కన నిలబడింది.
గాలిని తీసేస్తే
ఎనిమిది.

ఒడ్వార్‌కి కాగితం అక్కర్లేదు.
ముప్పై ఏళ్ళు రంపపు మిల్లులో దుంగల్ని కళ్ళతో కొలిచినవాడు.
ఒక కన్ను మూశాడు. ఉమ్మేశాడు.
"ఏడు. మించదు," అన్నాడు,
నాతో కాదు, కుప్పతో.
"ఎనిమిది," అన్నాను నేనూ
కుప్పతోనే.

మే నెలంతా చీల్చాం.
బిర్చ్ మొద్దు పచ్చిగా ఉన్నప్పుడే
ఒక్క దెబ్బకి విచ్చుకుంటుంది.
ఎండనిచ్చామా, మొండికేస్తుంది.
కట్టె గురించే చెబుతున్నాను.

అతని దెబ్బ బరువు, నా దెబ్బ తరచు.
మూడో రోజుకి రెండు గొడ్డళ్ళూ
మాకు తెలియకుండా వంతులు వేసుకున్నాయి:
ఠప్పని అటు, టక్కని ఇటు.
తెలిసిన మరుక్షణం
ఇద్దరం ఆగిపోయాం.
పక్షి ఏదో ఆ ఖాళీని నింపింది.

జూన్‌లో పంచుకున్నాం,
అతనికో తోపుడుబండి, నాకో తోపుడుబండి.
వాటి గోడకి వాటిని పేర్చాం, బెరడు పైకి పెట్టి.
అప్పుడు ఒడ్వార్ తన వరుసకి వీపు ఆనించి
చేతులు చాపుకుంటూ జరిగాడు: మూడున్నర.
నేను నా వరుసకి ఆనించి జరిగాను: నాలుగు.
గోడలు మార్చుకున్నాం.
అతనికి మళ్ళీ మూడున్నర. నాకు మళ్ళీ నాలుగు.
రెండు వరుసలూ సమానమే.
చేతులే కాదు.

ఏ కొలతో రాయకుండా జవాబు రాసినవాడికి
సగం మార్కు కోసేదాన్ని, ఒకప్పుడు.

చివరికి ఒక మొద్దు మిగిలింది,
మెలితిరిగిన నారతో, ఒంటినిండా ముడులతో.
అతని గొడ్డలి ఇరుక్కుంది. పీకాడు.
నా ఇనుప చీలని తెచ్చి ఇచ్చాను.
సుత్తి తీసుకుని బాదాడు, ఆగి బాదాడు.
మొద్దు చీలని తలదాకా మింగి
చీలనూ లేదు, వదలనూ లేదు.

"ఇదెవరిది?" అన్నాడు.
కుప్ప అప్పటికి లేదు.
ఆ మాట నాతోనే అయి ఉండాలి.
"ఉండనీ," అన్నాను.

అక్టోబరు. మొదటి మంచు.
గట్టు మీద ఆ మొద్దుకి జానెడు తెల్లటోపీ,
నడుమ నా చీల ఎక్కడో అడుగున.
ఈ ఉదయం కిటికీలోంచి చూద్దును కదా,
మంచు సగం తుడిచి ఉంది,
మా వైపు సగం.
సరిగ్గా సగమో కాదో
వెళ్ళి కొలవాలి.