మాచికాయ సిరా

మాచికాయలు దంచడం నా పని.
వాననీళ్ళలో నానబెట్టి, అన్నభేది కలిపి,
చిటికెడు తుమ్మబంక వేసి తిప్పడం.
గీసినప్పుడు ఎండుటాకు కషాయం రంగు,
తెల్లారేసరికి కాకినలుపు.
ఈ సిరాకి తొందర లేదురా, అనేవాడు మా గురువు ఒత్తావియో.

తొందరంతా ఆయనకే.
బేర్గమో సంతలో ఓ వంకర ముక్కు కనబడిందా,
కొన్న చేపలు కొట్లోనే వదిలేసి
దాని వెంట పడేవాడు,
మూడు సందులు, కోట మెట్లు,
ఒకసారి చర్చిలో పాపాలు చెప్పుకునే గది దాకా.
ఇంటికొచ్చి టోపీ అయినా తీయకుండా గీసేవాడు
గడ్డాన్ని ముద్దాడబోయే ముక్కుల్ని,
పళ్ళూడిన నోట్లోకి జారిపోయిన పెదాల్ని,
చెవుల్లో మొలిచిన గడ్డిని.
"అబద్ధం కాదిది. నిజాన్నే కాస్త సాగదీశా."
నేనూ నవ్వేవాణ్ణి.
అన్నం పెట్టేది ఆయనే కదా.

(ఆ కాగితాలిప్పుడు నా పెట్టెలో ఉన్నాయి.
ఒత్తి గీసిన చోటల్లా సిరా తినేసింది.
ముక్కులు పోయి
ముక్కుల ఆకారంలో కన్నాలు మిగిలాయి.)

బట్టలుతికే బార్తొలొమేయాది
కొండనీళ్ళు తాగి పెరిగిన మెడ.
గొంతు కింద గళగండం, మరో తల మొలవబోయినట్టు.
పదకొండుసార్లు గీశాడామెను.
పదకొండోదాంట్లో మెడే మనిషి,
మొహం దానికి కుట్టిన గుండీ.

ఓ శనివారం దుప్పట్లు ఇవ్వడానికొచ్చి
బల్ల మీద ఆరుతున్నదాన్ని చూసింది.
నా చేతిలో రోకలి ఆగింది.
ఆమె వంగింది. చాలాసేపు వంగే ఉంది.
"పుట్టుమచ్చ మీద వెంట్రుకలు మూడు.
రెండే వేశావు."
తర్వాత, ఎవరితోనో అన్నట్టు,
"మా అమ్మకీ ఇలాగే ఉండేది.
ఆమెనెవరూ గీయలేదు."

తడిచేతులు తుడుచుకుని ఈకకలం అందుకుంది,
బట్టలు బాదే కర్రని పట్టినట్టు.
కాగితం మూల ఓ సున్నా.
అందులో పట్టనంత రెండు కళ్ళు.
చెవుల్లేవు. నోరు లేదు.
"ఇది నువ్వు," అంది.
పాత బాకీ ఆరు నాణేలు లెక్కపెట్టుకుని మెట్లు దిగింది.

గురువు పగలబడి నవ్వాడు.
ఆ గీత అప్పటికింకా
కనబడీ కనబడనంత పలుచన.

తెల్లారి నేను తలుపు తీసేసరికి
బల్ల ముందే ఉన్నాడు, టోపీ లేకుండా.
కొవ్వొత్తి మొదలంటా కరిగిపోయింది.
"నిన్న మాచికాయలెన్ని వేశావురా?"
ఎప్పుడూ వేసేన్నే, అన్నాను.