జిర్కాన్ గింజ

రాళ్ళు అరగదీయడం నా ఉద్యోగం.
తార్నాకలో, రెండో అంతస్తు, నీళ్ళ పంపు పక్క గది.
గాజు పలక మీద కార్బొరండం పొడి, నాలుగు చుక్కల నీళ్ళు,
ఎనిమిది అంకె రాస్తున్నట్టు చెయ్యి తిప్పుతూ పోతే
పొద్దుగూకే సరికి ఎంత మొండి రాయైనా
ఉల్లిపొర.
ముప్పై మైక్రాన్లు. అంతకు మించితే నోరు విప్పదు,
తగ్గితే ఏమీ మిగలదు.

ఆ పెచ్చు తెచ్చిన రోజు
రాయప్ప సార్ చెప్పులకి ఎర్రమట్టి.
ఖాజాగూడ అవతల కొత్త చర్చి కడుతున్నారు,
కార్ల పార్కింగుకి గుండు అడ్డమొచ్చింది.
పేల్చినా పక్క అపార్ట్‌మెంట్లు బీటలివ్వవని
విచారణ పెద్దలు ఆయన్నే సర్టిఫికెట్ అడిగారు.
"రాయి మీద కట్టమన్నాడమ్మా స్వరూపా,
రాయిని లేపేసి కట్టమన్లేదు" అని నవ్వారు.
ఫిరంగిపురంలో వాళ్ళ తాతది కూడా ఇదే పేరు.
పేతురుని మనవాళ్ళు రాయప్పను చేసుకున్నారట,
రాయంటే రాయే గదా అని.
సంతకం మాత్రం పెట్టారు.
ఆయన పెట్టకపోతే ఇంకొకరు పెడతారు.

మరుసటి వారం ఫాదర్ బాలశౌరి వచ్చారు,
చంకలో హెల్మెట్, చొక్కా మీద సిమెంటు మరకలు.
ఒకప్పుడు రోములో కూర్చుని
రంగుటద్దాల కిటికీల మీద థీసిస్ రాసిన మనిషి,
ఇప్పుడు ఇసుక లారీలు లెక్కపెడుతున్నారు.
కళ్ళద్దాలతో ఓసారి, తీసేసి ఓసారి
మైక్రోస్కోపులోకి వంగారు.
నేను స్టేజీ తిప్పాను.
క్వార్ట్జ్ వెలిగి ఆరింది, ఆరి వెలిగింది.
మైక్రోక్లైన్ గళ్ళ లుంగీ పరుచుకుంది.
మూల ఎక్కడో తెల్ల అబ్రకం తునక
ఉన్నట్టుండి నెమలి కంఠమైంది.
బయట అదే గుండు మీద
ఇన్నేళ్ళూ కాకులు రెట్టలేశాయి.

పై ఫిల్టరు లాగేశాను.
రంగులన్నీ పోయాయి. ఉత్త గోధుమరంగు అబ్రకం.
"ఆగమ్మా" అన్నారు ఫాదర్. "ఇక్కడ, చిన్న గింజ,
చుట్టూ వలయం.
మా పునీతుల తల వెనక గీస్తామే, అదే."

సార్ గొంతు పాఠం చెప్పే గొంతైంది.
"జిర్కాన్, ఫాదర్. లోపల కాస్త యురేనియం.
రెండొందల యాభై కోట్ల ఏళ్ళుగా తనలో తాను విరుగుతా ఉంది,
విరిగినప్పుడల్లా పక్కనున్నదాన్ని కాలుస్తా ఉంది.
అది వెలుగు కాదు. కాలిన మచ్చ."

చాలాసేపు పంపు చప్పుడు.

"మరి మావాళ్ళవి" అన్నారు ఫాదర్ కన్ను తీయకుండానే,
"ఏమనుకున్నావు, రాయప్పా?"

నేను బోనాలకి ఒక్క బోనం ఎత్తుతాను, అదీ అమ్మ కోసం.
ఆ మధ్యాహ్నం వాళ్ళ వాదన వింటూ కూర్చున్నాను.
ఆరు రోజుల గురించి కాదు,
ఆ లెక్క ఇద్దరూ ఎప్పుడో తేల్చుకున్నట్టుంది.
చర్చి కిటికీకి ఈ రంగులే వేయిస్తే ఎట్లా ఉంటుందని,
అసలు రంగు రాతిలో ఉందా, రెండు ఫిల్టర్లలో ఉందా,
తిప్పే చేతిలో ఉందా అని.
చివరికి నన్నడిగారు.
టీ చల్లారిపోతోంది, అన్నాను.

చర్చి లేచింది. కిటికీ రాలేదు,
ఆ డబ్బులు ఫాల్స్ సీలింగుకి పోయాయి.
సగం గుండు మిగిలింది, స్కూటర్ల పక్కన.
ఆదివారం జపాలు నేర్చుకునే పిల్లలు
లాగులు చిరిగేలా దాని మీంచి జారుతున్నారు.

బూడిద బుధవారం నాడు
సార్ నుదుటి మీద నల్ల శిలువతో వచ్చారు.
వరంగల్ నుంచి కొత్తగా చేరిన కుర్రాడు
నేల చూపులు చూస్తూ అడిగాడు:
"మీరు కూడా నమ్ముతారా సార్, ఇవన్నీ?"
"ముందు ఫోకస్ సరిచేసుకో బాబూ."

ఒంటిగంటకి కొళాయి దగ్గర
గోళ్ళ సందుల్లో రాతిపొడి తోముకుంటున్నాను,
ఎంత తోమినా సగమే పోతుంది.
అన్నం డబ్బా చూపిస్తే తల అడ్డంగా ఊపారు,
"ఇయ్యాల ఒక్కపొద్దు."
నా తర్వాత ఆయన కొళాయి తిప్పి
మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు.
మొహం మాత్రం కడుక్కోలేదు.