మోకాలి లోతు

మూసానగర్‌ల నీళ్లు మోకాలి లోతే వచ్చినయని
రిజిస్టర్ల రాసుకున్నరంట.

ఎవరి మోకాలు, సారూ?

నేను చేతుల మీద నడిచేదాన్ని.
మీ మోకాలు కాడ నా గొంతుంటది.

ఆ రాత్రి ఆటోకు మైకు కట్టి
ఖాళీ చేయుండ్రి, ఖాళీ చేయుండ్రి అని
ఒర్రుకుంట పోయిండ్రు.
పక్కింటి తస్లీమ్‌కు చెవులు ఇనరావు.
రేపటి రొట్టెలకు పిండి పిసుకుతాంది.
మైకు చెప్పలేని మాట
అరికాళ్ల తడి చెప్పిందామెకు.
పిండి చేతులతోనే ఉరికొచ్చి
నన్ను వీపున ఏసుకున్నది.
భుజం మీద ఒకసారి తడితే ఎడమకు,
రెండుసార్లు తడితే ఆగు.
తెగిన వైరు చిటపటమన్న కాడ
రెండుసార్లు తట్టిన.

నా మూడు చక్రాల బండి
చాదర్‌ఘాట్ దిక్కు తేలిపోయింది,
బెల్లు గూడ కొట్టకుండ.

బడిల పెట్టిండ్రు మమ్మల్ని.
పులిహోర పొట్లాలు, దుప్పట్లు, ఫోటోలు.
లెట్రిన్‌కు నాలుగు మెట్లు.
చుట్టూ బస్తీ అంత నీళ్లుండంగ
మూడు దినాలు
గుక్కెడు తాగలే నేను.

వచ్చే వానలకు ఏం జేయాల్నో
ఇయ్యాల మీటింగు.
మమ్మల్ని గూడ పిలిచిండ్రు, అబద్ధమెందుకు.
రెండో అంతస్తు. లిఫ్టు రిపేరు.
తస్లీమ్ పైకి పోయింది గని
ఆడ నడిచే ముచ్చట ఆమెకు
చేతులతోని చెప్పేటోళ్లు లేరు.
చాయ్ గ్లాసుల సప్పుడు కిందికి ఇనొస్తాంది.

మెట్ల పక్క గోడకు
సుద్దముక్కతోని గీత గీసిన,
సరిగ్గ నా గొంతు కాడ.

దిగొచ్చేటప్పుడు
జర వంగి చూడుండ్రి.