1043

టోర్స్‌హావ్న్‌లో మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
చేపల పరిశోధనాలయం నేలమాళిగలో హీటరు పాడై
కోటు విప్పకుండానే కూర్చున్నాను సర్వర్ ముందు.

హానుస్ వెళ్లిపోయాడు.
సాండోయ్‌లో గొర్రెలు కాసుకుంటాడట.
కేకు తిన్నాం, చేతులు కలిపాం.
ఇక మిగిలింది అతని ఖాతా.

ఒక్క లైను కొట్టాను.
యంత్రం ఏమీ అనలేదు.
దాని తీరే అంత, తప్పు చేస్తే అరుస్తుంది,
చెప్పిన పని చేశాక నోరు మెదపదు.

తర్వాత చూద్దును కదా,
పన్నెండేళ్ల ఆటుపోట్ల లెక్కలు
ఫైలు వెంట ఫైలు,
యజమాని పేరుండాల్సిన చోట
వట్టి అంకె.
ఆటుపోట్ల గ్రూపులో ఒక్కరూ లేరు,
గ్రూపు మాత్రం ఉంది,
అందరూ దిగిపోయినా లాంతరు ఆర్పని పడవలా.

ఆఫీసులో అందరికంటే ఆఖరున ఖాతా తీసుకున్నవాడు.
"నా నోటుబుక్కుకి పాస్‌వర్డెందుకు రాన్వా?"
అని నసిగేవాడు, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

సోమవారం దూరిటా చేరింది, కొత్త పిల్ల.
పేరు నమోదు చేశాను, గ్రూపులో కలిపాను.
అంకె నేనివ్వలేదు, యంత్రమే వెతికిచ్చింది,
వరస చివర ఖాళీ పడ్డ ఆ ఒక్కటే.

పది నిమిషాలకి మెట్లు దిగొచ్చింది.
"ఇవన్నీ నావే అంటోంది.
నేను రెండో తరగతిలో ఉన్నప్పటి అలలు కూడా!"

సరిచేయాలి, తెలుసు.
ముందే ఎవరి పేరుకైనా మార్చి ఉండాల్సింది.
వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి.

"ఆటుపోట్లు చదవడం వచ్చా నీకు?"
"రాదు."

సాండోయ్‌కి ఇప్పుడు సముద్రం కిందనుంచే బస్సుంది.
టైము కాగితం మీద రాసిచ్చాను.