రెండు పక్కలా

ఉరవకొండ ఎంపీడీవో ఆఫీసు గోడకానుకోని
నాది జిరాక్సు అంగడి.
షట్టరెత్తినప్పట్నించి నేనడిగే మాట ఒకటే:
ఒక పక్కా, రెండు పక్కలా?

ఈ నెల్లో చౌడప్ప మూడుసార్లొచ్చినాడు.
మగ్గం గుంతలో నలభై ఏండ్లు కూర్చున్న మనిషి.
కుడిచెయ్యి మోచేతి కాడ్నుంచి చచ్చుబడింది.
పోయినేడు ఆ చెయ్యి నలభైరెండు శాతం పోయిందన్నారు,
మొన్న క్యాంపులో మళ్లీ చూసి
ముప్పై ఎనిమిదే అన్నారు.
నలభైకి దిగితే పింఛను లేదు.
"ఆ నాలుగు శాతం యాడ నయమైందో
సూపీమను దాదాపీరూ,
దాంతోనే తువ్వాల పిండుకుంటా."
నేను నవ్వినా. ఆయప్ప నవ్వలేదు.

బెంచీ మీద విరూపాక్షి సారు పేపరు చదువుతా ఉన్నాడు.
"కొయ్యాల్సిందే.
ఊరికే పెట్టిన కూడు ఊరినే తింటాది.
నా బడిలో పెచ్చులూడి పిల్లోని నెత్తిన పడితే
రిపేరుకు పైసా లేదన్నారు.
దుడ్లన్నీ పంచినాక బడికేం మిగుల్తాది?"
అది అబద్ధం కాదు. ఆ పిల్లోడు నాకు తెలుసు,
ఇప్పటికీ తల మీద ఆ జాగాలో ఎంటికలు రావు.
చెప్తా చెప్తానే సారు
తన డీఏ బకాయిల అర్జీ నా చేతికిచ్చినాడు,
మూడు కాపీలు.
అదీ అబద్ధం కాదు. ముప్పై మూడేండ్లు సుద్దపొడి మింగినాడు.

"దొంగ సర్టిఫికెట్లోళ్లను తీసేయండి సారూ,"
బెంచీ ఆ కొసనుంచి చౌడప్ప,
"నడవలేమని రాయించుకోని బుల్లెట్టు తోలేటోళ్లను
నేనే ముగ్గుర్ని సూపిస్తా.
చిక్కుపోగు తియ్యమంటే
పడుగంతా కోస్తిరి గదా."
సారు పేపరు మడిచినాడు.
జవాబు చెప్పలేదు. టీ చెప్పినాడు, ఇద్దరికీ.

ఇంగ వన్నూరమ్మ సంగతి.
ఆసుపత్రిలో కంప్యూటరు పోస్టు. ఔట్‌సోర్సింగు. ఒకటే ఒకటి.
రెండొందల పన్నెండు అర్జీలు నా మిషన్లోనే పుట్టినాయి.
అర్జీకి ఆరు కాయితాలు, మీటరే చెప్తాది.
వన్నూరమ్మ అమ్మ బుడ్డల మిల్లులో చెరుగుతాది.
ఆ పిల్ల మార్కుల లిస్టు తీసేటప్పుడు
గాజు తుడిచి పెట్టినా.

నోటిఫికేషను గోడకు అంటించింది పన్నెండో తేదీ.
తొమ్మిదో తేదీ పొద్దుగూకే యాళకు
ఎవడో పిల్లోడు తెల్ల కవరు తెచ్చినాడు.
రెండు పక్కలా, ఒక్క కాపీ, తొందరగా.

కాయితం చదవకూడదని నాకొక నియమం.
మంది రోగాలు, అప్పులు, కులాలు
ఈ గాజు మీద బోర్లా పడుకుంటాయి,
నేను మూతేసి పక్కకు చూస్తా.
ఆ పొద్దు కాయితం ఇరుక్కుంది.
లాగేటప్పుడు కండ్లు పడినాయి:
అదే ఆసుపత్రి, అదే పోస్టు,
ఎవరిదో పేరు, నియమించడమైనది.
కింద సంతకం, తేదీ.
వానికి ఇంకొకటి తీసిచ్చినా.
నలిగింది ట్రే కిందనే ఉండిపోయింది.

మూడు వారాలాయె.
రేత్రి నాలో నేనే రెండు పక్కలా వాదించుకుంటా.
ఈ గది ఆఫీసోళ్లది, బాడుగ మూడువేలు.
ఖాళీ చెయ్యమనను వాళ్లకొక కాయితం చాలు,
ఆ కాయితానికి కూడా నా దగ్గరే కాపీ తీయించుకుంటారు.

ఈ పొద్దు వన్నూరమ్మ మళ్లీ వచ్చింది,
ఇంకేదో పోస్టుకు, అవే ఆరు కాయితాలు.
పన్నెండు రూపాయలు. "ఉండనీలేమ్మా" అన్నా.
"ఊరికే వద్దన్నా," గాజు మీద చిల్లర పెట్టింది.
సారు బెంచీ మీదనే ఉన్నాడు. ఇన్నాడో లేదో.

సర్ది, పిన్ను కొట్టి ఇచ్చినా.
మెట్లు దిగబోతా లెక్కబెట్టుకునింది.
"ఏడుండాయన్నా?"

అప్పుడే కరెంటు పోయింది.
"బయట వెలుతురుంది, చూసుకోపో" అని
షట్టరు సగానికి దించినా.